అరికాలి పులిపిరి, తెల్ల పారాణి

సర్కారీ డాక్టరు కొలువుకు నాకు నేనే సెలవిచ్చుకుని, యాభై దాటగానే ఇంటికొచ్చి కూర్చున్నాను. అప్పటినుంచి కొత్తగా ఉద్యోగంలో చేరబోయే కుర్ర డాక్టర్లు అప్పుడప్పుడు వచ్చి, "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అని అడుగుతున్నారు. వాళ్ళ కళ్ళల్లో ఆశ చూస్తే నాకు జాలేస్తుంది. అడవి పక్కన పనిచేసినవాణ్ణి కదా, ఏ తాచుపామో, ఎలుగుబంటి పంజానో చెబుతానని ఎదురుచూస్తారు. నేను "అరికాలి పులిపిరి" అంటాను. అంతే, వచ్చినవాళ్ళంతా ఒకేసారి కాఫీ గ్లాసులో ఏదో పడ్డట్టు లోపలికి తొంగి చూస్తారు.

నవ్వితే నవ్వండి. పాము కరిస్తే ఊరు ఊరంతా కదిలొస్తుంది. అరికాలిలో పులిపిరి లేస్తే మొగుడు కూడా పట్టించుకోడు. "నడిస్తే నొస్తుందా? అయితే నడవకు" అంటాడు. ఆ మాట అనేవాడు మంచం మీద కూర్చుని ఉంటాడు, ఆవిడ నీళ్ళబిందెతో నిలబడి ఉంటుంది. మనుషుల్ని కూలదోసే రోగాలకు పెద్ద డాక్టర్లున్నారు. మనిషిని నిలబెట్టే, నడిపించే చిన్న చిన్న చోట్లలో వచ్చే రోగాలకే దిక్కు లేదు. అందుకని ఆ దిక్కు నేనయ్యాను. ఆ చుట్టుపక్కల నన్ను పేరుతో పిలిచినవాళ్ళు లేరు. "అరికాళ్ళ డాక్టరు" అంటే కండక్టరు కూడా బస్సు ఆపేవాడు.

ముల్లు, ఆనె, పులిపిరి

ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట మా దవాఖానా. పడకలు పదో పన్నెండో. రోగులు ప్రపంచ జనాభాలో సగం. నేను చేరింది డెబ్బైల చివర్లో. అప్పట్లో ఆ చుట్టుపక్కల తునికాకు ఏరేవాళ్ళు, దుక్కి దున్నేవాళ్ళు, వెదురు కొట్టేవాళ్ళు, అందరివీ ఉత్తకాళ్ళే. కాలు పట్టుకుని వచ్చిన ప్రతి మనిషీ ఒకటే మాట చెప్పేవాడు.

"ముల్లు ఇరిగింది సార్. లోపట్నే ఉన్నది."

అప్పటికే ఆ కాలిని పిన్నీసుతో, సూదితో, తుమ్మముల్లుతో, కొడవలి కొసతో తవ్వి తెచ్చేవాళ్ళు. మా తాలూకాలో బావుల కోసం తవ్విన మన్నుకంటే ముల్లు కోసం తవ్విన చర్మమే ఎక్కువని నా లెక్క. తీరా చూస్తే ముల్లు ఉండేది కాదు.

కొత్తగా చేరే మీకు ఇది ముందు చెప్పాలి. మందు సంగతి తర్వాత, అదేమిటో తేల్చుకోండి. పైనున్న గట్టి పెచ్చును బ్లేడుతో పల్చగా, పచ్చి మామిడికాయ చెక్కు తీసినట్టు తియ్యండి. లోపల నున్నగా గాజుముక్కలా ఉంటే ఆనెకాయ. ఆవాలు చల్లినట్టు నల్లచుక్కలు కనిపిస్తే పులిపిరి. ఆ చుక్కలు మట్టి కాదు, గడ్డకట్టిన సన్నటి రక్తనాళాలు. వేలికి ఉన్నట్టే అరికాలికీ గీతలుంటాయి. ఆనె మీదుగా ఆ గీతలు హాయిగా సాగిపోతాయి. పులిపిరి దగ్గరికొచ్చేసరికి, రోడ్డు మీద గేదె పడుకుంటే బస్సు తప్పుకున్నట్టు, పక్కకు తప్పుకుంటాయి. పైనుంచి నొక్కితే ఆనె అరుస్తుంది. రెండు పక్కలనుంచి గిల్లినట్టు పట్టుకుంటే పులిపిరి అరుస్తుంది. దానితోపాటు మనిషి కూడా అరుస్తాడు, తన్నుకు దొరక్కుండా కొంచెం పక్కకు కూర్చోండి.

ఇంకొకటి. మందు ముట్టుకునేముందు దూదితో కాలు రాసి చూడండి. స్పర్శ తెలియని కాలికి, షుగరున్నవాళ్ళ కాలికి యాసిడ్ జోలికి పోవద్దు. ఇందులో తమాషా లేదు.

పెద్ద డాక్టరు గారి కత్తి

మా దవాఖానాకు ఒక పెద్ద డాక్టరు గారుండేవారు. సర్జను. ఆరడుగుల మనిషి, మీసం ఒక్కటే ఇంకో అడుగు. ఆయన కత్తి ఎంత చురుకైనదంటే, రోగి వరండాలో ఉండగానే లోపల కుట్లు పడిపోయేవి. కడుపులో గడ్డలకు, విరిగిన ఎముకలకు ఆ చేతిని మించింది లేదు, చేతులెత్తి దండం పెడతాను. కాని ఆయనకు ఒంటిమీద ఉబ్బుగా ఏది కనబడ్డా కొయ్యబుద్ధయ్యేది. ముక్కు చెవులు ఎలా దక్కించుకున్నామో మాకే తెలియదు.

యాకూబ్ అని భద్రాచలం బస్సు డ్రైవరు ఉండేవాడు. కుడి అరికాల్లో పులిపిరి. పెద్ద డాక్టరు గారు చూశారు, మత్తు సూది వేశారు, చెక్కేశారు. యాకూబ్ దండం పెట్టి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకు పులిపిరి తిరిగొచ్చింది, ఒంటరిగా రాకుండా తమ్ముళ్ళను కూడా వెంటేసుకొచ్చింది. మళ్ళీ కోశారు. ఈసారి పులిపిరి పోయింది. మచ్చ మిగిలింది. అరికాల్లో గట్టి మచ్చ అంటే చెప్పులో గులకరాయి పెట్టి కుట్టేసినట్టే, ఇక అది విడిచేది కాదు.

యాకూబ్ నా దగ్గరికి వచ్చి కూర్చుని అన్నాడు: "అప్పుడు పులిపిరి ఒక్కటే నొచ్చేది సార్. గిప్పుడు బ్రేకు తొక్కినప్పుడల్లా మీ పెద్ద డాక్టరు యాదికొస్తుండు."

"మరి ఏం చేస్తున్నావయ్యా?"

"ఏం జేస్త సార్? బ్రేకు తక్కువ తొక్కుతున్న."

ఆ తర్వాత నెలల తరబడి నేను భద్రాచలం సైకిలు మీదే వెళ్ళాను. ఈ ఒక్క కేసుతో నాకొక తీర్మానం కుదిరింది: నేలకానే చోట కత్తి పెట్టకూడదు. పెద్ద డాక్టరు గారికి ఆ ముక్క చెబితే, "నువ్వు ఆయింట్‌మెంటు డాక్టరువి, నీకు రక్తమంటే భయం" అని మీసం దువ్వుకున్నారు.

మన చేతిలో ఏమున్నాయి

కత్తి కాకపోతే ఇంకేముంది అంటారు. చాలానే ఉన్నాయి, దేని తలనొప్పి దానిది.

అన్నిటికంటే గొప్పది, ఏమీ చెయ్యకపోవడం. పులిపిరి వైరస్ వల్ల వస్తుంది. చాలామందికి ఏడాదికో రెండేళ్ళకో ఒళ్ళే దాన్ని కనిపెట్టి తరిమేస్తుంది. పిల్లలకైతే మరీ త్వరగా పోతుంది. నొప్పి లేకపోతే ఊరుకోవడమే మంచి వైద్యం. కాని ఆ మాట చెప్పడానికి గుండెధైర్యం కావాలి. పది మైళ్ళు నడిచొచ్చిన మనిషికి "ఏమీ అక్కర్లేదు, ఇంటికి పో" అని చెప్పి చూడండి. సూది వెయ్యని డాక్టరు కూడా ఒక డాక్టరేనా అన్నట్టు మిమ్మల్ని పైనుంచి కిందిదాకా చూస్తాడు.

తర్వాతది సాలిసిలిక్ యాసిడ్ పట్టీ. చవక, సురక్షితం, బాగా పనిచేస్తుంది. వేడినీళ్ళలో కాలు నానబెట్టి, గరుకురాయితో రుద్ది, పట్టీ అంటించి, మెత్తబడ్డ తోలు తీసేసి మళ్ళీ అంటించాలి. ఇలా వారాలకు వారాలు. కాపురం చేసినంత ఓపిక కావాలి. ఫార్మలిన్ నీళ్ళలో కాలు పెట్టడం ఇంకొకటి. పనిచేస్తుంది గాని ఆ వాసనకు ఇంట్లోవాళ్ళు పొలానికి మకాం మారుస్తారు. కరెంటుతో కాల్చడం ఉంది, అదీ మచ్చ పెట్టేదే. ఊళ్ళల్లో నల్లజీడి రసం పెట్టేవాళ్ళు. దాంతో పులిపిరి కంటే ముందు కాలు ఊడొస్తుంది. ద్రవ నత్రజనితో గడ్డకట్టించడం పట్నాల్లో ఉండేది. మా జిల్లాలో మనుషులకు ఆ భాగ్యం లేదు. పశువులకు ఉంది. ఆ కథకు వస్తున్నాను.

సీతారావమ్మ గారు

ఎనభైల మధ్యలో, కోతలు అయిపోయిన రోజులు. ఏన్కూరు దగ్గర్నుంచి సీతారావమ్మ గారని ఒకావిడ వచ్చారు. కృష్ణా జిల్లానుంచి వలసొచ్చి పొలాలు కొన్న కుటుంబం. ఆవిడ వెనకే భర్త వెంకటప్పయ్య గారు. చొక్కా ఇస్త్రీ, పంచె ఇస్త్రీ, మొహం కూడా ఇస్త్రీ చేసినట్టే నిగనిగలాడుతోంది. ఆవిడ మాత్రం నిప్పుల మీద నడుస్తున్నట్టు కాలి అంచు మీద ఒరిగి నడుస్తున్నారు.

కాలు బల్ల మీద పెట్టించి బ్లేడుతో చెక్కాను. నల్లచుక్కలు! ఆవాల పోపు వేసినట్టున్నాయి. పాదం ముందుభాగంలో, సరిగ్గా బరువు పడే చోట, రూపాయి బిళ్ళంత పులిపిరి. నేను చూసినవాటిలో అది మహారాణి. ఇలాంటిదాన్ని చూస్తే మా వృత్తిలో ఒక ఆనందం కలుగుతుంది, అది రోగి ముందు దాచుకోవాలి.

"ఎన్నాళ్ళనుంచి అమ్మా?"

"రెండేళ్ళు దాటిందండీ. నవమికి నడిచి భద్రాచలం వెళ్ళాలి. రెండు నవములు పోయాయి డాక్టరు గారూ. ఈసారి పోకూడదు."

"బస్సులో వెళ్ళండి. యాకూబ్ తీసుకెళ్తాడు." బ్రేకు సంగతి చెప్పలేదు.

ఆవిడ తల అడ్డంగా ఊపారు. "మొక్కండీ. ఈయనకి విషజ్వరం వచ్చి, ఇక ఆశ లేదన్నారు. ఈయన లేచి తిరిగితే గోటితో ఒలిచిన తలంబ్రాలు నెత్తిన పెట్టుకుని, ఉత్తకాళ్ళతో నడిచొస్తానని రాములవారికి మొక్కుకున్నా."

"ఆయన లేచారుగా" అన్నాను.

"లేచి తిరగమంటే ఊరంతా తిరుగుతున్నారు. పేకాటకి కూడా."

వెంకటప్పయ్య గారు గోడకున్న క్యాలెండరులో తిథులు చదువుకోవడం మొదలుపెట్టారు.

ఆవిడ నవ్వలేదు. గొంతు తగ్గించి అన్నారు: "మొన్న ఈయనకి మామూలు జలుబు చేసింది. తుమ్మినప్పుడల్లా నా ప్రాణం పోయింది. మాటిచ్చి తప్పానని రాముడు ఇచ్చిందాన్ని వెనక్కి తీసుకుంటాడేమో అని. ఎలాగైనా నడిపించండి డాక్టరు గారూ."

మా స్టాఫ్ నర్సు కరుణమ్మ బేసిన్ పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ ఆదివారం చర్చికి పోయే మనిషి, మాట కరుకు, మనసు వెన్న. "ఏంది సార్ సూస్తున్నరు, జల్దీ మందియ్యండి" అంది.

నేను లెక్కేసుకున్నాను. ఏమీ చెయ్యకుండా ఊరుకుందామంటే నవమి ఆగదు. కత్తి పెడితే పుండు మానేసరికి నవమి పోతుంది, మచ్చ పడితే నడకే పోతుంది. ఫార్మలిన్ వాడితే వెంకటప్పయ్య గారు ఇల్లు వదిలి పూర్తిగా పేకాటకే మకాం మారుస్తారు. మిగిలింది పట్టీ. చేతిలో మూడు నెలల దాకా ఉంది, శ్రద్ధగా వాడితే సరిపోతుంది. అన్నీ చెప్పి, రుద్దే రాయి ఆవిడకు వేరే పెట్టమనీ, అది ఇంకెవరూ ముట్టుకోవద్దనీ, ఇది అంటుకునే రోగమనీ రెండుసార్లు చెప్పాను. ఇద్దరూ గంగిరెద్దుల్లా తలూపారు.

పదిహేను రోజులకు వచ్చారు. పట్టీ అంటించి ఉంది. తీసి చూస్తే మహారాణి చెక్కుచెదరలేదు. ఇంకొంచెం ఘాటు పట్టీ ఇచ్చాను. మళ్ళీ వచ్చారు. పట్టీ ఉంది, కొంచెం వంకరగా. దాని కింద తోలు మెత్తబడిన జాడే లేదు. ఇనుము కూడా ఆ యాసిడ్‌కు కొంత లొంగేది. నా ఇన్నేళ్ళ అరికాళ్ళ పాండిత్యమంతా ఆ కాలికింద నలిగిపోతున్నట్టనిపించింది.

సరిగ్గా అప్పుడే తలుపులో మీసం కనిపించింది.

"ఇంకా ఆవపోపేనా? నాకు వదిలెయ్యవయ్యా, అయిదు నిమిషాల పని."

సీతారావమ్మ గారు ఆశగా ఆయనవైపు తిరిగారు. "కోస్తే పోతుందా అండీ?"

"పోకేం చేస్తుంది!"

"అయితే కోసెయ్యండి. పీడా వదులుతుంది."

నేను బతిమాలి ఒక్క అవకాశం అడిగాను. "సరే" అన్నారు పెద్ద డాక్టరు గారు, "వచ్చే లక్ష్మివారం దాకా చూస్తా. ఆ తర్వాత ఆ కాలు నాది."

గేదెల వరసలో

మా ఊరి పశువుల దవాఖానాలో ఒక అల్యూమినియం క్యానుండేది. మేలుజాతి ఎద్దుల విత్తనం నిలవ ఉంచేది, నిండా ద్రవ నత్రజని. మూత తీస్తే పొగలు కక్కేది. అక్కడి పశువైద్యుడు నాకు పేకముక్కల్లో, చుట్టలో భాగస్వామి. వెళ్ళి కాళ్ళబేరానికి దిగాను. అక్షరాలా కాళ్ళ గురించే.

"ఏందన్నా, మనుషులు కూడా మా దగ్గరికేనా?" అన్నాడాయన. "తీసుకురా. కాని వరసలో నిలబడాలె. గేదెలు ముందొచ్చినయ్."

మర్నాడు సీతారావమ్మ గారు వేపచెట్టు కింద స్టూలు మీద కూర్చున్నారు. కుడిపక్క ఒక ముర్రా గేదె, ఎడంపక్క ఈనబోయే ఆవు. వెంకటప్పయ్య గారు తెలిసినవాళ్ళు ఎవరన్నా చూస్తారేమోనని కండువా మొహానికి కప్పుకున్నారు. దాంతో ఆయన్నే దొంగనుకుని ఊరంతా చూసింది.

"ఏమండీ, మా ఆవిడకి ఈ మందు... లోపల ఏదన్నా ఎద్దుది..."

"ఉత్త చల్లదనం అండీ" అన్నాడు పశువైద్యుడు, "దూడ పుడితే నాది పూచీ."

దూదిపుల్ల ముంచి ఒత్తాను. ఆవిడ పళ్ళు బిగబట్టి "రామ రామ" అన్నారు. పక్కనున్న గేదె సానుభూతిగా అరిచింది. బొబ్బ లేచింది, పైపొర ఒకటి ఊడింది, అంతే. కింద తోలు అంత మందంగా ఉంటే చల్లదనం ఎక్కడిదాకా దిగుతుంది? రోజూ పట్టీ వేసుకునే కాలికి అంత మందం తోలు ఎలా ఉంది? ఆ ప్రశ్న నా బుర్రలో పులిపిరిలాగే నాటుకుంది.

సోడాబండి వెనక

లక్ష్మివారం వచ్చింది. ఆపరేషన్ గదిలో గిన్నెలు ఉడుకుతున్నాయి. నేను చూడలేక టీ తాగుదామని గేటు బయటికొచ్చాను. టీకొట్టు పక్కన సోడాబండి, దాని వెనక ఎవరో గొంతుక్కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ పంచె!

వెంకటప్పయ్య గారు మోకాలి మీద భార్య పాదం పెట్టుకుని, పళ్ళ మధ్య పట్టీ కరుచుకుని, కళ్ళాపి చల్లిన వాకిట్లో ముగ్గు వేస్తున్నంత శ్రద్ధగా వంగి ఉన్నారు.

"కదలకే. పోయినసారి వంకరగా ఉందని సిస్టరమ్మ అనుమానంగా చూసింది."

"త్వరగా కానివ్వండి. డాక్టరు గారు వచ్చే వేళయింది."

"వచ్చారు" అన్నాను, టీ గ్లాసుతో.

వెంకటప్పయ్య గారు పట్టీ మింగినంత పని చేశారు.

"అంటే ఇన్నాళ్ళూ మీరు..."

సీతారావమ్మ గారు తల దించుకున్నారు. "మొక్కు తీరేదాకా కాలికీ నేలకీ మధ్య ఏదీ పెట్టనని అనుకున్నానండీ. పట్టీ కూడా చెప్పులాంటిదే కదా. కాని మీరంత ఇదిగా ఇస్తుంటే వద్దనడానికి నోరు రాలేదు. మీరు చిన్నబుచ్చుకుంటారని, వచ్చేటప్పుడు ఇక్కడ అంటించుకుని, వెళ్ళేటప్పుడు ఇక్కడే తీసేస్తున్నా."

నాకు కోపం రావాలి. నవ్వొచ్చింది. ఎంత నవ్వానంటే టీ అంతా సోడాబండి తాగింది. మా దవాఖానాలో చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి రావాలని రూలు. అందుకని లోపల నాకు అందరి కాళ్ళూ ఉత్తవే. ఎవరి చెప్పులు బయటున్నాయో, ఎవరికి అసలు చెప్పులే లేవో ఎలా తెలుస్తుంది? రెండేళ్ళుగా పొలంలో, పెంకుల్లో ఉత్తకాళ్ళతో తిరుగుతున్న మనిషికి నేను గొప్ప మందు ఇచ్చాను. ఆ మందు గేటు దాటి ఎన్నడూ బయటికి పోలేదు.

అప్పుడు ఆ పాదం మీద చూపు పడింది. చుట్టూ ఎర్రటి అంచు.

"ఇదేమిటమ్మా?"

"పారాణండీ. మొన్న మధిరలో మా మేనకోడలి పెళ్ళి."

"మొక్కులో ఉండి పారాణి పూసుకోవచ్చా?"

"అయ్యో, పూసుకోకుండా ఎలాగండీ, ముత్తైదువని! పారాణి పూత కదా. కాలికింద నేల తెలుస్తూనే ఉంటుంది."

నా బుర్రలో ఆ క్షణాన వెలిగిన దీపానికి జిల్లా అంతటికీ కరెంటు ఇవ్వొచ్చు. సాలిసిలిక్ యాసిడ్ పట్టీగానే ఉండాలని ఎవరన్నారు? అదే మందును కొలోడియన్ అనే జిగురు ద్రవంలో కలిపితే పూత అవుతుంది. దూదిపుల్లతో రాస్తే ఆరి, తెల్లటి పల్చటి పొరలా అతుక్కుంటుంది. ఇద్దర్నీ లోపలికి లాక్కుపోయి, మా కాంపౌండరు చేత అప్పటికప్పుడు చిన్న సీసా కలిపించాను. చుట్టూ మంచి చర్మానికి వాజలైన్ రాసి, పులిపిరి మీద పూత పూశాను.

"ఇదీ యాసిడే అమ్మా, ఏదీ దాచను. ఆరితే పొర కడుతుంది. ఇది చెప్పో, పూతో మీరే చెప్పాలి. మీరు వద్దంటే ఇంకో దారి వెతుకుతా."

ఆవిడ లేచి నిలబడ్డారు. కళ్ళు మూసుకుని పాదం మెల్లగా నేలకానించారు. ఇటు ఒకసారి, అటు ఒకసారి ఒత్తారు. కరుణమ్మ కూడా ఊపిరి బిగబట్టింది.

"నేల తెలుస్తోందండీ" అన్నారు. "ఇది తెల్ల పారాణి."

పెద్ద డాక్టరు గారు గ్లౌజులు వేసుకుని వచ్చారు. జరిగింది చెప్పాను. ఆయన మీసం మూడుసార్లు రంగులు మార్చింది.

"పారాణా? ఇంకేం, బాసికం కూడా కట్టు. చూడు, నవమికి ఆవిడ ఈ గేటు ముందునుంచి నడిచి పోకపోతే, నీ రోగులందరి కాళ్ళూ నావే."

నవమికి ముందు

తర్వాత జరిగింది చెప్పుకోవడానికి విసుగు, చూడటానికి అందం. రాత్రి కాలు నానబెట్టడం, రుద్దడం, పూయడం. వారానికోసారి వచ్చినప్పుడు నేను చెక్కడం. మొదట తోలు తెల్లబడి మెత్తబడింది. తర్వాత ఆవాలు ఒక్కొక్కటే రాలడం మొదలైంది. గీతలు అంచునుంచి లోపలికి జరగసాగాయి. ప్రతిసారీ కరుణమ్మ నాకంటే ముందు వంగి చూసేది. "సార్, ఇంగ నాలుగే ఉన్నయ్." ఒకసారి మంట ఎక్కువైందంటే రెండు రోజులు ఆపించాను. నవమికి వారం ముందు ఒకే ఒక్క నల్లచుక్క మొండిగా మిగిలింది. నొప్పి మాత్రం లేదు. "ఇక రాకండి, నడవండి" అన్నాను. ఆవిడ వెళ్ళాక నాకే నిద్ర పట్టలేదు.

కుర్ర డాక్టర్లూ, నేను చెప్పాలనుకున్న ముక్క ఇక్కడుంది. ఏ మందు గొప్పదని పుస్తకాల్లో వెతుకుతారు, వెతకండి. కాని రోగి గుమ్మం దాటి చెప్పులు వేసుకున్నాక, లేదా వేసుకోకుండా నడిచాక, ఇంటిదగ్గర ఏ మందు వాడతాడో అది అడగండి. అడిగేటప్పుడు నవ్వుతూ అడగండి. లేకపోతే మర్యాద కొద్దీ మీ కోసం గేటు దగ్గర పట్టీ అంటించుకుంటారు.

నవమి ముందురోజులు. మా గేటు ముందునుంచి భద్రాచలం పోయే జనం ఏరులా పారుతున్నారు. రామనామంతో రోడ్డు దద్దరిల్లుతోంది. నేను, కరుణమ్మ పొద్దున్నుంచీ గేటుకు కాపలా. పెద్ద డాక్టరు గారు తన గది కిటికీలోంచి ఏమీ పట్టనట్టు చూస్తున్నారు. మీసం మాత్రం కిటికీ బయటికొచ్చింది.

కనిపించారు. నెత్తిన పసుపుబట్ట కట్టిన తలంబ్రాల మూట. నిటారుగా, పాదం మొత్తం ఆనించి నడుస్తున్నారు. అప్పటిదాకా నేను ఆవిడ అంత పొడగరి అని గమనించనే లేదు. గేటు దగ్గర ఆగి, గోడ పట్టుకుని, పాదం వెనక్కి ఎత్తి చూపించారు. కరుణమ్మ చెంబెడు నీళ్ళు పోసి దుమ్ము కడిగింది. నేను వంగి చూశాను. ఆ ఒక్క చుక్కా లేదు. గీతలన్నీ కలిసిపోయి, చదునుగా, ఇటునుంచి అటు సాగిపోతున్నాయి.

"వెళ్ళండమ్మా" అన్నాను.

"మీ పేరున కూడా రెండు గింజలు వేస్తానండీ" అన్నారావిడ. "సిస్టరమ్మ పేరున కూడా." కరుణమ్మ అభ్యంతరమేమీ చెప్పలేదు. ముక్కు మాత్రం గట్టిగా చీదింది.

అప్పుడు వెనకనుంచి వెంకటప్పయ్య గారు వచ్చారు. కొత్త చెప్పులు. కాలి అంచు మీద ఒరిగి, నిప్పుల మీద నడుస్తున్నట్టు.

"మీకేమైందండీ?"

"ముల్లు విరిగింది డాక్టరు గారూ. లోపలే ఉంది."

నేను, కరుణమ్మ మొహమొహాలు చూసుకున్నాం. ఆయన్ని మెట్టు మీద కూర్చోబెట్టి బ్లేడు తెప్పించాను. చెక్కాను. లేత ఆవాలు, ఇప్పుడిప్పుడే పోపులో పడ్డట్టు.

"రుద్దే రాయి ఎవరు వాడారు?"

ఆయన నేల చూపులు చూశారు. "స్నానాల బండ దగ్గర ఒకటే రాయండీ. మంచి గరుకు. నేనూ మడమలు..."

సీతారావమ్మ గారు మూట సర్దుకుని నడుం మీద చెయ్యి వేశారు. "మొక్కుకుంది ఈయన కోసం. నడుస్తున్నది ఈయన కోసం. ఇది కూడా ఈయనే తీసుకున్నారు, నాకేమీ మిగల్చకుండా!"

"డాక్టరు గారూ" అన్నారు వెంకటప్పయ్య గారు దీనంగా, "నాకే మొక్కూ లేదు. ఎంచక్కా పట్టీ వేసెయ్యండి."

"వద్దండీ" అన్నారావిడ. "సోడాబండి వెనక ఈయనకి అంటించడానికి నాకు తీరిక లేదు. పారాణే పూయండి. ఇక్కడే, అందరూ చూస్తుండగా."

కరుణమ్మ అప్పటికే సీసా తెచ్చేసింది. దారిన పోయే ఆడవాళ్ళు ఆగిపోయారు. "పెండ్లికొడుకేనా?" అని ఒకావిడ, "ముసలి పెండ్లికొడుకు గాని మంచిగనే ఉన్నడు" అని ఇంకొకావిడ. వెంకటప్పయ్య గారు కండువా మొహానికి కప్పుకున్నారు. నేను ఆయన అరికాలికి తెల్ల పారాణి పూస్తున్నాను. సీతారావమ్మ గారు రెండేళ్ళుగా దాచుకున్న నవ్వంతా ఒక్కసారి నవ్వారు.

కిటికీ రెండో తలుపు కూడా దడేల్మని తెరుచుకుంది.

"బాసికం ఏదయ్యా?" అన్నారు పెద్ద డాక్టరు గారు.